ఆంటీ వేసిన నా తల

ఆ రోజుల్లో, పట్టుబడితే నేను చెయ్యలేని పనంటూ ఉండదని నా గట్టి నమ్మకం. ఐర్లండ్‌లోని కార్లో అనే ఊళ్లో చదువుకుంటూ, వరంగల్ నుంచి వచ్చిన స్నేహితురాలితో కలిసి ఒక జర్మన్ చిత్రకారిణి ఇంట్లో అద్దెకుండేదాన్ని. డెబ్బై దాటిన ఆవిడను మేం ఆంటీ అనేవాళ్లం. (మొదట్లో ఉలిక్కిపడినా, తరవాత ఆ పిలుపుకే పలికేవారు.) ఊరి నదినీ, పొలాలనూ, కూజా పక్కన పెట్టిన పండ్లనూ అద్భుతంగా వేసేవారు. భర్త పోయాక మనిషి ముఖం మాత్రం వెయ్యలేదట. ఒకరోజు కాఫీ తాగుతూ, "మళ్లీ ఒక ముఖం వెయ్యాలనుంది. చెయ్యి వస్తుందో రాదో. నువ్వు కూర్చుంటావా?" అన్నారు. ఆ గొంతులో భయం విని నా మనసు కరిగిపోయింది. "బండరాయిలా కూర్చుంటాను," అని మాటిచ్చేశాను.

తీరా కూర్చున్నాక తెలిసింది, నా మెడ నా చేతుల్లో లేదని. ఆంటీ "బాగానే ఉందా?" అనగానే నా తల అటూ ఇటూ ఊగేది. "నీళ్లు కావాలా?" అంటే మళ్లీ ఊగేది. "దయచేసి కదలకు," అంటే దానికీ ఊగేది! (పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల ఊపకుండా కూర్చోవడం మా ఇంట్లో పొగరు కింద లెక్క.) ఆవిడ నిట్టూర్చి, వేసిన చెవిని గుడ్డతో తుడిచేసేవారు. మూడు రోజుల్లో నాలుగు చెవులు పోయాయి. నాలుగో రోజు బ్రష్షు పక్కన పెట్టేసి, "తప్పు నాదే. ముసలి చెయ్యి," అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

"గా తల ఊపుడు బంద్ చెయ్యరాదే! ఆమె పరేషాన్ అయితాంది," అంది వరంగల్ పిల్ల.

"నేను ఊపట్లేదే తల్లీ, అదే ఊగుతోంది!" అన్నాను. చావో రేవో తేల్చుకోవాలని, మర్నాడు దానిచేత నా తలను చున్నీతో కుర్చీకి కట్టించుకున్నాను. గదిలోకి వచ్చిన ఆంటీ, పంటినొప్పి మనిషిలా బిగుసుకుని ఉన్న నన్ను చూసి హడలిపోయారు.

"ఎవరు కట్టేశారు? గార్డులను పిలవనా?" (ఇక్కడ పోలీసులను అలాగే అంటారు.)

"నేనే కట్టించుకున్నాను ఆంటీ. మీ బొమ్మ పూర్తవ్వాలి," అన్నాను. అంటుంటే తల ఊగింది, దాంతోపాటు కుర్చీ కూడా. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చున్నీ విప్పేసి, "ఊపుకో. ఊగే తలనే వేస్తాను," అన్నారు. అన్నట్టే వేశారు. కాస్త ఒరిగిన తల, అన్నిటికీ సరేనంటున్న కళ్లు.

ఇప్పుడు నాది డబ్లిన్‌లో ఉద్యోగం. వీడియో మీటింగుల్లో మెడ కదపకుండా, ఇక్కడివాళ్లలా "సరే"కి బదులు "గ్రాండ్" అనడం కూడా నేర్చేసుకున్నాను. మొన్న కార్లో వెళ్లినప్పుడు, "ఇప్పుడు గంటసేపైనా కదలకుండా కూర్చుంటాను ఆంటీ, ఇంకో బొమ్మ వెయ్యండి," అన్నాను గొప్పగా. ఆవిడ నన్ను చూసి, గోడమీది బొమ్మలో పిల్లను చూసి, "వద్దులే. నాకు ఆ పిల్లే కావాలి," అన్నారు.

నవ్వేశాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల నాకూ కావాలనిపించింది.