పరుశురాం పాస్ చేసిన ఆట

మా మామ పరుశురాం ఎవరి మాటనూ మొదటిసారికే నమ్మడు. బతుకుదెరువుకు వచ్చిన పట్నంలో, పాండేసర అనే పేటలో ఒక డైయింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని, రంగు వేయకముందు బట్టలో తప్పులు పట్టడం. కింద ట్యూబ్‌లైటు వెలిగే అద్దం బల్ల మీదుగా బట్ట జారుతుంటుంది. తెగిన పోగో నూనె మరకో కనిపిస్తే సుద్దతో గీత గీస్తాడు. వంద మీటర్ల బట్టను అక్కడ తాకా అంటారు. "మొదటి పది మీటర్లు ఎవడైనా సాఫ్‌గనే నేస్తడు. చెకింగోడు ఆడనే చూస్తడని ఆనికి ఎర్కే. దొంగతనమంత నడుమల ఉంటది" అంటాడు. కూరగాయల బండి దగ్గర కూడా పై వరుస టమాటాలు జరిపి, అడుగున చెయ్యి పెట్టి తీస్తాడు.

ఆయన కొడుకు జితేందర్ నా భర్త. జ్వరం వచ్చిన నాలుగో రోజు ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి మా అక్షరకు అయిదేళ్లు నిండలేదు. దానికేం చెప్పాలో తెలియక, నాన్న మా సొంతూరు జగిత్యాల పోయాడని చెప్పాం. ఆ మాట ఎవరు మొదట అన్నారో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. నేనే అయి ఉండవచ్చు.

మేముండే గోడాదరాలో మా పక్క గది తిరుమలది. రాత్రి షిఫ్టులో లూమ్ నడిపి వచ్చి, పడుకునే ముందు గడపలో కూర్చుని ఫోన్‌లో తుపాకీ ఆట ఆడేవాడు. అక్షర పక్కనే కూర్చుని చూసేది. ఒకనాడు పొద్దున, మామ టిఫిన్ సంచి భుజాన వేసుకుంటుంటే అడిగింది.

"తాతా, తిరుమల మామ సచ్చిపోయి మల్ల లేస్తుండు. పది సెకండ్లే. నాన్న గూడ సచ్చిపోయిండని కింద ఆంటీ అన్నది గదా. నాన్న ఎప్పుడు లేస్తడు?"

మామ సంచి కింద పెట్టాడు. "నాన్న ఊరికి పోయిండు బిడ్డా" అన్నాడు. మళ్లీ సంచి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం తిరుమలను పట్టుకున్నాడు.

"పోరి ముంగట గిదేం ఆటరా?"

"ఆటనే గదా కాకా, నిజంగ సంపుతున్ననా? పన్నెండు గంటలు లూముల మోతకు చెవులు పోతున్నయి. జర దిల్ ఖుష్ చేసుకుంటున్న."

"నీ దిల్ లోపలికి పోయి ఖుష్ చేస్కో."

ఆ తర్వాత తిరుమల తలుపేసుకుని ఆడేవాడు. కానీ నేను చీరలకు రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకునేదాన్ని. జిగురు ఆరేలోపు రాయి పెట్టాలి, తల ఎత్తే వీలుండదు. పిల్ల ఫోన్ అడుగుతూనే ఉండేది. ఇవ్వకపోతే ఇంకెవరి గడపలోనో కూర్చుంటుంది. "అయితే నేనే చూసి ఇస్త. ఎవడూ సావని ఆట కావాలె. సచ్చి లేసుడు అసలే ఉండొద్దు" అన్నాడు మామ.

సందు చివర ఉమాకాంత్ ఫోన్లు బాగుచేస్తాడు. పాత ఫోనొకటి తీసుకుపోతే అందులో పిల్లల ఆటలు వేశాడు.

"మూడేండ్లు దాటినోళ్లకని రాసున్నది కాకా. ఫికర్ చెయ్యకు."

"ఎవలు రాసిండ్రు?"

"ఆట తయారుచేసినోళ్లను అడుగుతరు, అండ్ల ఏముంది, ఏం లేదని. దాన్ని బట్టి వేస్తరు."

"అంటే నేసినోడే పాస్ ముద్ర కొట్టుకుంటున్నడు."

ఆదివారాలు మా ఇంట్లో తనిఖీ నడిచింది. మామ కళ్లజోడు పెట్టుకుని, కిటికీ కింద చాప మీద కూర్చునేవాడు. మొదట నెట్ ఆపేసేవాడు. నెట్ ఉంటే ఫోన్ మన మాటలు వింటుందని ఆయన అనుమానం. పిల్ల చేతికి ఇచ్చేటప్పుడు కూడా ఆపే ఇవ్వాలని నాకు హుకుం. పళ్లు కోసే ఆటను కత్తి చూడగానే తీసేయించాడు. చేపల ఆటను మెచ్చుకుంటూ పోయి, పదకొండో మెట్టు దగ్గర ఆగిపోయాడు. పెద్ద చేప చిన్నదాన్ని మింగింది. "చూసినవా తేజశ్రీ? నడుమల" అన్నాడు, ఏదో గెలిచినట్టుగా. ఇంకోదానిలో పిల్లిబొమ్మను చెంపమీద కొడితే నవ్వుతుంది. "కొడితే నవ్వుతదట. మీ అత్తమ్మను అడుగు, నవ్వుతదేమో." లోపలినుంచి అత్తమ్మ, "ముందుగాల నిన్ను కొట్టి చూస్త" అంది. జితేందర్ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడేననుకుంటాను.

చివరికి కుండీల్లో పూలమొక్కలు పెంచే ఆట మిగిలింది. నీళ్లు పోస్తే మొగ్గ, మొగ్గ విడిస్తే సీతాకోకచిలుక. నలభై మెట్లు ఆడాడు. అదీ చాలలేదు. ఒక మొక్కకు కావాలని మూడు రోజులు నీళ్లు పోయకుండా చూశాడు. తల వాల్చింది గానీ చావలేదు. నాలుగో రోజు నీళ్లు పోస్తే తల ఎత్తింది. "పాస్" అన్నాడు.

నెలరోజులు అక్షర పూలు పెంచుకుంది. ఒక మధ్యాహ్నం నేను రాళ్ల డిజైన్ ఫొటో పని ఇచ్చే సేఠ్‌కు పంపాల్సి వచ్చింది. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. పిల్ల ఫోన్‌లో నెట్ పెట్టి పంపి, దాని చేతికే ఇచ్చేశాను. మామ షిఫ్టు దిగి కాళ్లు కడుక్కుంటుండగా అది పరుగెత్తుకొచ్చింది.

"తాతా, అంకుల్ ఉఠ్ గయా. ఇగో, వీడియో చూస్తే లేస్తడట. నాన్న కోసం ఏ వీడియో చూడాలె?"

తెరమీద మొక్కల్లేవు. రక్తం మడుగులోంచి ఒక మనిషి తుపాకీ పట్టుకుని లేస్తున్నాడు.

మామ ఫోన్ లాక్కున్నాడు. నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. "ఎవలు మార్చిండ్రు? తిరుమలగాడు వచ్చిండా?" తిరుమల రాలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. నిద్రపోతున్న తిరుమలను లేపి అడిగాడు. తిరుమల వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. దాన్నీ నమ్మలేదు. తడికాళ్లతోనే ఉమాకాంత్ దగ్గరికి నడిచాడు. పిల్లను చంకన వేసుకుని వెనకే వెళ్లాను.

"నా ఆటను మార్చి పెట్టినవ్" అన్నాడు మామ.

ఉమాకాంత్ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఆట అదే కాకా. గిది అడ్వటైజ్. వేరే ఆటది. నెట్ ఉంటెనే వస్తది. నువ్వు చూసినప్పుడు నెట్ ఉండెనా?"

"లేదు. నేనే బంద్ పెట్టిన" అన్నాడు మామ.

"లైట్ బంద్ పెట్టి తాకా చెక్ చేసినట్టయింది గదా" అన్నాడు ఉమాకాంత్, నొప్పించాలని కాదు. "నెట్ పెట్టి, పిల్ల పక్కన కూసోని ఆడు. అప్పుడు తెలుస్తది ఏమొస్తదో."

"నెట్ నేనే పెట్టిన మామా" అన్నాను. తల ఊపాడు.

ఇంటికొచ్చే దారిలో పిల్లను నా చంకలోంచి తీసుకున్నాడు. మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాన్న ఊరికి పోలేదు బిడ్డా. సచ్చిపోయిండు."

"ఎన్ని సెకండ్లు?"

"సెకండ్లు కాదు. ఇగ లేవడు. ఏ వీడియో చూసినా లేవడు."

అక్షర ఆయన ముఖం చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, తాత అబద్ధం చెప్తుండా?"

"లేదు."

"మరి ఊరికి పోయిండని నువ్వు చెప్పినవ్?"

"అది అబద్ధం" అన్నాను.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అన్నం వేళకు నా చేతి ముద్ద తీసుకోలేదు, నోరు గట్టిగా మూసుకుంది. మామ కంచం తన దగ్గరికి లాక్కుని పప్పు కలిపాడు. ఆయన చేతి ముద్దలు రెండు తిని, మూడోదాన్ని ఆపి అడిగింది.

"ఇంక ఏమేం అబద్ధాలు చెప్పిన్రు?"

అత్తమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. మామ ముద్దను కంచంలో పెట్టాడు.

"అడుగు బిడ్డా" అన్నాడు. "ఒక్కొక్కటే అడుగు."