వెండికి పోయిన పదకొండు సినిమాలు

పుంగనూరు గోవిందరాజులుకు తొంభై ఏళ్ళు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పలకరించేది మందుల షాపు అతనొక్కడే. ఒకప్పుడు మద్రాసులో ఒక స్టూడియో గేటు తెరుచుకోవాలంటే మాత్రం ఆయన తల ఊపాలి.

చింతపండు మండీ గుమాస్తా కొడుకు. ఎస్సెల్సీ అయ్యీ అవగానే మద్రాసు చేరి, స్టూడియో గేటు దగ్గర వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాసుకునే పనిలో కుదిరాడు. ముప్పై రెండేళ్ళకల్లా మేనేజరయ్యాడు. యజమాని నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఏ సెట్టు ఎప్పుడు పీకాలి, ఏ హీరోయిన్‌కు ఏ మేకప్ గది, ఎవరికి బల్ల మీద భోజనం, ఎవరికి షెడ్డు కింద, అంతా గోవిందరాజులు నోటి మాట. ఆయన ఎవరికీ లేదని చెప్పేవాడు కాదు. "సూస్తాంలే" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని గేటు బయట ఏళ్ళకేళ్ళు తిరిగినవాళ్ళున్నారు.

ఆయన అలా తిప్పకుండా లోపలికి పిలిచిన కొద్దిమందిలో కుప్పం మిషన్ బడి పంతులు కూతురు మేరమ్మ ఒకతె. పద్దెనిమిదేళ్ళ పిల్ల, హీరోయిన్ చెల్లెలి వేషం. మేరమ్మ అనే పేరు పోస్టరుకు పనికిరాదని ఉషారాణి అని మార్చిందీ ఆయనే. సినిమా రెండు వారాలు కూడా ఆడలేదు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. తండ్రి ఆమెను మదనపల్లెలో నర్సు ట్రైనింగులో వేశాడు. నలభై ఏళ్ళు వార్డుల్లో పనిచేసింది. సినిమాలో చేశానని ఎప్పుడన్నా నోరు జారితే తోటి నర్సులు నవ్వేవారు. కన్నకొడుకు కూడా నవ్వాడు.

ఆ మేరమ్మ, డెబ్బై ఆరేళ్ళ వయసులో, మనవరాలు బీనా చెయ్యి పట్టుకుని మదనపల్లె బస్సులో పుంగనూరు వచ్చి గోవిందరాజులు ఇంటి మెట్లెక్కింది.

"సారూ, నేను కుప్పం మేరమ్మను. మీరు ఉషారాణి అని పేరు పెట్టినారే, ఆ పిల్లను."

"ఏ పిచ్చరు?" అని గోవిందరాజులు కళ్ళు చిట్లించాడు. ఆమె సినిమా పేరు చెప్పగానే ఆయనకు అంతా గుర్తొచ్చింది. పదహారు రీళ్ళు. కుడివైపు గోడౌను, మూడో అర.

"తాతా, యూట్యూబంతా ఎతికినాను," అంది బీనా. "పాటల పుస్తకం ఒకటి దొరికింది. దాంట్లో ఉషారాణి అని పేరుండాది, ఫోటో లేదు. ఆ పేరు ఎవరిదైనా కావచ్చు అంటాది మా అమ్మ."

"నా కండ్లు పోతాండాయి సారూ," అంది మేరమ్మ. "నడిమధ్య అంతా మసక. ఏడాది దాటితే మనుషుల మొగాలు తెలీవని డాక్టరు సెప్పేసినాడు. ఆ లోపల ఒక్కసారి నన్ను నేను సూసుకోవల్ల. ఈ పిల్లకు సూపియ్యల్ల. ఆ డబ్బాలు యాడుండాయో మీకు గాక ఇంకెవరికి తెలుస్తాది?"

"సూస్తాంలేమ్మా" అన్నాడాయన, అలవాటుగా.

మేరమ్మ మొహం వెలిగిపోయింది. "ఫోన్ నంబరు రాసియ్యి పాపా. ఎన్నాళ్ళకు సెప్తారు సారూ?"

గేటు దగ్గర ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. గోవిందరాజులు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అవి లేవమ్మా," అన్నాడు. "వెండి కోసం కడిగించేసినాం."

నలుపు తెలుపు ఫిల్ము మీద కనిపించే నలుపంతా సన్నటి వెండి పొడే. రంగుల సినిమాలు వచ్చాక పాత వాటిని అడిగేవాళ్ళు లేకపోయారు. వెండి ధర ఆకాశానికి పోయిన ఏడాది గోడౌను ఖాళీ చేద్దామన్న ఆలోచన గోవిందరాజులుదే. వెండి తీసేవాళ్ళు ఊరి చివర షెడ్డులో నెగటివ్‌లనూ ప్రింట్లనూ తొట్లలో నానబెట్టారు. బొమ్మ కరిగి అడుక్కు దిగింది. పైకి తీసిన ఫిల్ము గాజు ముక్కలాగా ఉంది. దాన్ని అట్టపెట్టెల మూతలకు అద్దంలా అతికించేవాళ్ళు కొనుక్కుపోయారు. యజమాని మెచ్చుకుని ఆ సాయంత్రం గోవిందరాజుల్ని తన కారులో ఇంటికి పంపాడు.

"అన్ని సినిమాలూ కడిగించినారా?" అంది మేరమ్మ.

"ఆడినవి పెట్టుకున్నాం. ఆడనివి పదకొండు..."

"ఏరింది ఎవరు సారూ?"

చనిపోయిన యజమాని మీదికి నెట్టేయడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేరమ్మ, చూపు సరిగ్గా ఆనని ఆ కళ్ళతో, ఆయన వైపే తిరిగి ఉంది.

"నేనే."

ఆమె పైట కొంగు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "సరే, పోనీండి," అంది. "మీరైతే సూసినారు కదా. ఒక్క సీను సెప్పండి ఈ పిల్లకు. నేను సెప్తే ఎవరూ నమ్మరు. మీరు సెప్తే నమ్ముతారు."

బీనా ఫోన్ తీసి ఆయన ముందు పట్టుకుంది.

గోవిందరాజులు గొంతు సవరించుకున్నాడు. "బాయి కాడ... కడవ సంకన పెట్టుకోని వస్తాంటావు. పువ్వుల పావడా..."

"ఆ సినిమాలో బాయి లేదు సారూ."

"అయితే గుళ్ళో..."

"గుడీ లేదు."

కాఫీ తెచ్చిన ఆయన భార్య రుక్మిణమ్మ నవ్వేసింది. "ఈయన్నా అమ్మా అడిగేది! ముప్పై ఏండ్లు స్టూడియోలో ఉండి ఒక్క సినిమా పూర్తిగా సూసిన మనిషి కాదు. పెండ్లయిన కొత్తలో నన్ను సినిమాకు తీసకపోయి, పేర్లు పడేలోపలే గురక పెట్టినాడు. అడిగితే, మిఠాయి అంగట్లో పనిచేసేటోడు మిఠాయి తింటాడా అన్నాడు."

నవ్వింది ఆమె ఒక్కతే. గోవిందరాజులు కాదనలేదు. బీనా ఫోన్ ఆపి సంచిలో వేసుకుంది.

మేరమ్మ కాఫీ ముట్టలేదు. మనవరాలి భుజం తడుముకుని లేచింది. గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అంది:

"కడిగిస్తే కడిగించినావు. ఒక్క తూరి సూసైనా కడిగించుండాల్సింది గదప్పా."