కంప్యూటర్ ల్యాబు లోకేశ్వరి

తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లోకేశ్వరి ల్యాబ్ టెక్నీషియన్. ఆ కాలేజీలో మూడు కంప్యూటర్ ల్యాబులున్నాయి. మూడింటిలోని మిషన్లనూ ఒకేసారి కొనలేదు కాబట్టి ఒకదాంట్లో ఉబుంటు, ఒకదాంట్లో ఫెడోరా, బాగా పాతబడిన మిషన్లున్న ల్యాబులో డెబియన్ నడుస్తాయి. మూడూ లినక్సే, విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థలో రకాలు. అయినా ఒకదాంట్లో పనిచేసిన ఆదేశం ఇంకొకదాంట్లో పనిచేయదు, ఒకచోట ఒక పేరుతో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంకొకచోట వేరే పేరుతో ఉంటుంది. కొత్త పిల్లలు చేరే ముందు మూడు ల్యాబుల్లోనూ పైథాన్, జావా, సి కంపైలర్, ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్ అన్నీ ఎక్కించి, ఒక చిన్న ప్రోగ్రాము నడిపి చూసి, తాళం వేసి రావడం లోకేశ్వరి పని. చిత్తూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడ చేరింది. భర్త జయరామ్ రేణిగుంటలో ఒక ట్రాన్స్‌పోర్టు గోడౌనులో సరుకు దించే చోట సూపర్‌వైజరు.

లోకేశ్వరి తల్లి మునిరత్నమ్మది పాకాల దగ్గర పల్లె. ఆమె పొద్దుగూకితే గడప దాటేది కాదు. రేచీకటి అనేవాళ్ళు ఊళ్ళో. చివరి రోజుల్లో పగలు కూడా గోడ పట్టుకునే నడిచింది. ముసలితనం అనుకున్నారు అందరూ. లోకేశ్వరి కూడా అలాగే అనుకుంది, తన మోకాళ్ళు ల్యాబులో స్టూళ్ళకు తగలడం మొదలయ్యేదాకా.

మొదట స్టూళ్ళు. తర్వాత తలుపు అంచులు. పక్కన నిలబడ్డ మనిషి పలకరిస్తే ఉలిక్కిపడి తల మొత్తం తిప్పి చూసేది. స్కూటీ నడపడం మానేసి, బస్సే సుఖంగా ఉందని జయరామ్‌తో చెప్పింది. ఎదురుగా ఉన్నది మాత్రం చక్కగా కనిపించేది. తెర మీద అక్షరాలు స్పష్టంగానే ఉండేవి, కాకపోతే ఒకేసారి కొన్నే. గొట్టంలోంచి చూస్తున్నట్టు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. చెప్పకుండా ఉన్నంతకాలం అది నిజం కాదేమోనన్న ఆశ ఇంకొకటి.

కంప్యూటర్ సైన్స్ విభాగానికి పెద్ద రాజారత్నం. లోకేశ్వరిని ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. ఆయన భార్య స్టెల్లా చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. క్యాన్సర్‌తో పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఒక రోజు ఆయన తన ఇంటి కంప్యూటర్‌ను ఆటోలో పెట్టుకుని కాలేజీకి తెచ్చాడు.

“లోకేశ్వరీ, ఇది శానా నిదానమైపోయినాదమ్మా. దీంట్లో లినక్స్ పెట్టు, పైథాను అదీ ఎక్కించు. ఇంట్లో కూర్చుని పాఠాలు తయారుచేసుకుంటా. లోపల రెండు డిస్కులుండాయి. చిన్నదాంట్లో పెట్టు. పెద్దది మాత్రం ముట్టుకోవద్దు. స్టెల్లా పాటలన్నీ దాంట్లోనే ఉండాయి.”

“సరే సార్. మీరు క్లాసుకు పోయి రండి, అయిపోతాది” అంది లోకేశ్వరి.

అది ఆమెకు కొత్త పని కాదు. లినక్స్‌ను ఎక్కించే ప్రోగ్రాము, ఇన్‌స్టాలరు, మొదలుపెట్టింది. అది భాష, కీబోర్డు, టైము అడిగింది. తర్వాత డిస్కుల జాబితా వచ్చింది. ఎడమ వైపు పేరు, బాగా కుడి వైపున సైజు. లోకేశ్వరి చూపు పేర్ల మీదే ఆగింది. కుడి వైపు అంకెలున్నాయన్న ధ్యాస ఆమెకు రాలేదు, ఎందుకంటే ఆ వైపు ఆమెకు ఏమీ లేదు. కాలేజీ మిషన్లలో ఎప్పుడూ మొదటిదే చిన్న డిస్కు. ఇక్కడా మొదటిదాన్నే ఎంచుకుంది. దీంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని మిషను మళ్ళీ అడిగింది. సరే అని నొక్కింది.

పైథాన్ ఎక్కించి, ఎడిటర్ పెట్టి, ఒక చిన్న ప్రోగ్రాము నడిపి చూసింది. చక్కగా నడిచింది. పాటలు ఎలా ఉన్నాయో చూద్దామని రెండో డిస్కు తెరిచింది. అందులో పాత విండోస్ కనిపించింది. చిన్న డిస్కు. పాటలు లేవు.

ఆ తర్వాత ఆమె ముఖాన్ని తెరకు దగ్గరగా పెట్టి, వేలు ఆనించి, ఒక్కో వరుసను ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయింది. అప్పుడు కనిపించాయి అంకెలు.

రాజారత్నం క్లాసు ముగించుకుని వచ్చేసరికి లోకేశ్వరి కుర్చీలో కాక, గోడ వారగా నేల మీద కూర్చుని ఉంది.

“ఏమైందమ్మా? కళ్ళు తిరిగినాయా?”

“సార్, పెద్ద డిస్కును చెరిపేసినాను.”

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఒక్కటన్నా మిగల్లేదా?” అన్నాడు.

“తెలీదు సార్. తిరిగి తీసేవాళ్ళు ఉండారు, వాళ్ళకి ఇచ్చి చూద్దాం. ఇంక దీన్ని ఆన్ చేయకూడదు.” ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట చెప్పింది. “నాకు పక్కలు కనపడవు సార్. శానా దినాలుగా కనపడవు. మా అమ్మకు ఉన్నిందే నాకూ వచ్చినట్టుండాది.”

రాజారత్నం లేచి, కంప్యూటర్ తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, మిషనును ఆటోలో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

డిస్కును చెన్నైకి పంపారు. కొన్ని పాటలు తిరిగి వచ్చాయి. చాలా వాటికి మొదలు ఉంటే చివర లేదు, చివర ఉంటే మొదలు లేదు. కొన్నిటిలో పాట లేదు, పాటకు ముందు స్టెల్లా పిల్లలను వరుసలో నిలబెడుతున్న మాటలే ఉన్నాయి. ఆయన ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. చాలా రోజులు లోకేశ్వరికి ఎదురుపడితే తల పంకించి పక్కకు పోయేవాడు.

ఒక శనివారం ఆయనే ఆమె ఇంటికి వచ్చాడు. జయరామ్ కుర్చీ వేశాడు.

“కంటి డాక్టరు దగ్గర నీ పేరు రాయించినాను. ఈ పొద్దే పోవాల. నువ్వూ రా అప్పా” అన్నాడు జయరామ్‌తో. లోకేశ్వరి ఏడవబోతే చెయ్యెత్తి ఆపాడు. “నాకు కోపం పోలేదమ్మా. పోయిందని అబద్ధం చెప్పను. కానీ అది వేరే, ఇది వేరే. లెయ్.”

తిరుపతిలో కంటి డాక్టరు చాలా పరీక్షలు చేసి, కంటి లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందని చెప్పింది. వంశంలో వచ్చేది. లోకేశ్వరి ఉన్న దశకు మందు లేదు. మధ్యలో మిగిలిన చూపు ఎంతకాలం ఉంటుందో చెప్పలేమంది. బయటికి వచ్చాక జయరామ్ మెట్ల మీద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక నలుగురిలో అతను ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

“నాకెందుకు సెప్పలేదు లోకా?” అన్నాడు.

“సెప్తే నిజమైపోతాదని.”

కాలేజీ ఆమెను తీసేయలేదు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటరుకు మార్చింది. ల్యాబు తాళాలు అప్పగించేటప్పుడు ఆమెకు బాధకంటే ఊరటే ఎక్కువ కలిగింది. ఇంక ఎవరి సొత్తూ తన చేతుల్లో చెరిగిపోదు. ల్యాబు పనికి ధర్మేంద్ర అనే అతను కొత్తగా చేరాడు. అతను ఏదైనా అడగడానికి వచ్చినా లోకేశ్వరి తెలియదనే చెప్పేది.

మరుసటి ఏడు నాయుడుపేట నుంచి మహిత అనే అమ్మాయి బీసీఏలో చేరింది. పుట్టుకతోనే చూపు లేదు. పెద్ద మాటకారి. చేరిన వారానికే రాజారత్నం గదికి వెళ్ళి, ల్యాబులో మిషన్లు మాట్లాడటం లేదని ఫిర్యాదు చేసింది. తెర మీదున్నది పైకి చదివే ఏర్పాటు లినక్స్‌లో ఉంటుందని, ఇక్కడెవరూ దాన్ని పెట్టలేదని చెప్పింది. ధర్మేంద్ర ప్రయత్నించాడు. ఒక ల్యాబులో గొంతు వచ్చింది, ఒకదాంట్లో రాలేదు, డెబియన్ మిషను అసలు లేవనే లేదు.

రాజారత్నం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చాడు.

“లోకేశ్వరీ, ఈ పాపకు మూడు ల్యాబుల్లోనూ ఒక్కో మిషను తయారు చేయాల. నువ్వే చేయాల.”

“నేను చేయను సార్. మీకు తెలిసీ ఎందుకు అడగతారు?”

“తెలుసు కాబట్టే అడగతా ఉండా” అన్నాడాయన. మహితను అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

మహిత కౌంటరు అంచు తడుముకుని నిలబడింది. “సార్ చెప్పినాడు మేడమ్, మీకూ కనపడదంట కదా. ఎంతమాత్రం కనపడతాది?”

ఇంత సూటిగా ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. “నీ మొహం కనపడతాది. నీ చేతులు కనపడవు” అంది లోకేశ్వరి.

“అయితే మీకు కష్టం. నాకు మొదటి నుంచీ లేదు, నేను వెతుక్కోను. మీరు ఉన్నంతలో సూడాలని సూస్తా ఉంటారు.”

ఆ మాట లోకేశ్వరికి కోపం తెప్పించింది. రెండు రోజులు కోపంగానే ఉంది. మూడో రోజు డెబియన్ ల్యాబుకు వెళ్ళింది.

డెబియన్ ఇన్‌స్టాలరులో ఒక సౌకర్యం ఉంది. మొదలయ్యేటప్పుడు చిన్న కూత వినిపిస్తుంది. అప్పుడు ఎస్ అనే అక్షరం, ఆ తర్వాత ఎంటర్ నొక్కితే, అక్కడి నుంచి ప్రతి ప్రశ్ననూ మిషను పైకి చదువుతుంది. ఇన్నేళ్ళూ ఆ కూత విని కూడా లోకేశ్వరి పట్టించుకోలేదు. మహిత పక్కన కూర్చుంది. గొంతు కీచుగా, తొందరగా ఉంది. మొదట్లో లోకేశ్వరికి సగం అర్థం కాలేదు. “నిదానంగా చదివించవచ్చు మేడమ్, సిగ్గుపడొద్దు” అంది మహిత.

డిస్కుల దగ్గరికి వచ్చేసరికి మిషను పేరు చదివింది, ఆ వెంటనే సైజు చదివింది. రెండూ ఒకే వరుసలో, ఒకదాని వెనక ఒకటి. లోకేశ్వరి మళ్ళీ చదివించింది. మళ్ళీ చదివించింది. చెయ్యి ముందుకు పోలేదు. ఆ మిషనులో ఉన్నది ఒక్కటే డిస్కు. అందులో పోయేది ఏమీ లేదు. ఆ సంగతి తెలిసినా ఆమె లేచి నిలబడింది.

“ఈ పొద్దు చాలు మహితా.”

“సరే మేడమ్. రేపు వస్తా” అంది ఆ అమ్మాయి, ఇది కూడా పాఠంలో ఒక భాగమే అన్నట్టు.

మర్నాడు లోకేశ్వరి ఆ ప్రశ్న దాటింది. తర్వాతదంతా చేతికి తెలిసిన పనే. నల్ల తెర మీద ఆదేశం రాయడం, అది పలికింది వినడం. బొమ్మలు, బటన్లు వెతికే పని లేదు. పైథాన్‌కు అవసరమైన ఒక భాగం పేరు డెబియన్‌లోనూ ఉబుంటులోనూ ‘డెవ్’తో ముగుస్తుంది, ఫెడోరాలో ‘డెవెల్’తో. కంటితో చదివే రోజుల్లో ఎన్నోసార్లు తికమకపడిన ఆ తేడా, చెవికి మాత్రం వెంటనే పట్టుబడింది. ఫెడోరాలో గొంతు రాకపోవడానికి మిషను శబ్దాన్ని స్పీకర్లే లేని తెరకు పంపుతుండటమే కారణమని ధర్మేంద్ర కనిపెట్టి సరిచేశాడు. మూడు ల్యాబుల్లోనూ మహిత తన మొదటి ప్రోగ్రాము నడిపిన రోజున రాజారత్నం వచ్చి, వెనక నిలబడి విని వెళ్ళాడు. ఆ సాయంత్రం ల్యాబు తాళాలు మళ్ళీ లోకేశ్వరి బల్ల మీదికి వచ్చాయి.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. వెళ్ళేరోజు లోకేశ్వరి క్షమించమని అడగబోయింది.

“అదింక అడగొద్దమ్మా” అన్నాడాయన. “నువ్వు చెప్పేదానికి ముందే నేను చూసి ఉండాల్సింది. రోజూ స్టూళ్ళకు తగులుకుంటా ఉంటే, ఈ పిల్లకు నిదానం లేదు అనుకున్నా. పాటలు పోయినాయి. ఆ లోటు ఉంటాది. దాంతోనే బతుకుతా ఉండా.”

మహిత చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. అక్కడి మిషన్లలో ఇంకో రకం లినక్స్ ఉందని, సాఫ్ట్‌వేర్ పేర్లన్నీ వేరని అప్పుడప్పుడు ఫోను చేసి గొణుగుతుంది. లోకేశ్వరి తనకు తెలిసింది చెబుతుంది, తెలియనిది ఇద్దరూ కలిసి వెతుకుతారు.

లోకేశ్వరికి మధ్యలో మిగిలిన చూపూ ఏడాదికేడాది మసకబారుతూ వచ్చింది. ఈ ఏడు వేసవి సెలవుల్లో ఉబుంటు ల్యాబు మొత్తానికి కొత్త వెర్షను ఎక్కించాల్సి వచ్చింది. కిటికీ పక్క మిషనుకు కూర్చుని లోకేశ్వరి పొద్దున మొదలుపెట్టింది. డిస్కు పేరు, సైజు వింది, సరే అంది. కంపైలరు, జావా, పైథాన్ ఎక్కించింది. ప్రోగ్రాము నడిపి, వచ్చిన జవాబు విని లేవబోతుంటే ధర్మేంద్ర వచ్చాడు.

“అదేందక్కా, మానిటర్ ఆన్ చేయలేదే?”

లోకేశ్వరి తెర వైపు తిరిగింది. ఆమెకు అక్కడ బూడిద రంగు తప్ప ఏమీ కనిపించలేదు. చెయ్యి చాచి తాకితే అద్దం చల్లగా ఉంది. పొద్దుటి నుంచి అది ఆరిపోయే ఉంది. ఆమెకు తెలియలేదు. ధర్మేంద్ర గొంతు వచ్చిన వైపు తిరిగినా అదే బూడిద రంగు.

ఆమె మళ్ళీ కూర్చుంది. ధర్మేంద్ర నీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కాసిని నీళ్ళు తాగింది. కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం జయరామ్ బస్‌స్టాపులో ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నప్పుడు జరిగింది చెప్పింది. అతను నడవడం ఆపేశాడు. రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి.

“పూర్తిగా పోయిందా లోకా?” అన్నాడు.

“పోయినట్టే ఉండాది. ఎప్పుడు పోయిందో సూసుకోలేదు” అందామె. “పనిలో ఉన్నాను.”

ఇద్దరూ మళ్ళీ నడిచారు.