తువ్వాల లేకుండా పెండ్లిచూపులకొచ్చిన మా బావ

నిన్న పొద్దున అక్క కొడుకు ఫోన్ చేసి, "పిన్నమ్మా, నాయన పోయినాడు" అన్నాడు.

నేనింకా ముఖం కూడా కడుక్కోలేదు. "పొద్దున్నే ఏం మాటలురా అవి!" అని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేశాను. వాడు అవతల ఏడుస్తున్నాడు, నేను ఇవతల తిడుతూనే ఉన్నాను.

మొన్ననే కదా బావ ఫోన్లో నాతో కొట్లాడాడు, నేను చేసే బజ్జీలు చెప్పుతోలులా ఉంటాయని!

ఎర్రిస్వామి బావ. మా అక్క మొగుడు.

మీలో చాలామందికి ఆయన బళ్లారి సత్యనారాయణపేటలో గేటు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లనల్లా పలకరించే ముసలాయన. నాకు తెలిసిన బావ వేరే.

పంతొమ్మిదివందల అరవైల్లో బళ్లారి బయట ఒక సాల్వెంట్ ఫ్యాక్టరీ ఉండేది. వేరుశనగ చెక్కలో మిగిలిన నూనెను పెట్రోల్ లాంటి ద్రవం పోసి లాగేవాళ్లు. ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ తగిలిందా, ఇక ఫ్యాక్టరీ లేదు, మనమూ లేము. బీడీలు, అగ్గిపెట్టెలు గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి పోవాలి.

మా నాయన అక్కడ మేస్త్రీ. బావ ఆ ద్రవాన్ని వదిలే మెయిన్ వాల్వు తిప్పేవాడు.

ఆ వాల్వు తెరిచి ఉందో, మూసి ఉందో దూరం నుంచి తెలియాలంటే లైటు పెట్టాలి. మామూలు లైటు పెడితే దాని స్పార్కే కొంప ముంచుతుంది. లోపల స్పార్క్ వచ్చినా బయటికి రానివ్వని మందపాటి ఇనప పెట్టె ఒకటి ఉంటుందట, ఎక్స్‌ప్లోజన్ ప్రూఫ్ ఇండికేటర్. బొంబాయి నుంచి వస్తుందన్నారు.

వస్తుంది, వస్తుంది అంటారు. రాదే!

అంతవరకూ మా బావే ఇండికేటర్.

ఆయనకో ఎర్ర తువ్వాల ఉండేది. అది భుజం మీద ఉంటే వాల్వు మూసినట్టు. వాల్వు తెరిస్తే తువ్వాల తీసి దాని చక్రానికి కట్టేవాడు, భుజం ఖాళీ. ఫ్యాక్టరీలో ఎవరూ ఆయన ముఖం చూసేవాళ్లు కాదు, భుజమే చూసేవాళ్లు.

ఈయనంటే మా అక్కకు ఇష్టం. నాయనకేమో సిరిగేరిలో కాలవ కింద పొలమున్న సంబంధం మీద మనసు. "వాల్వు తిప్పేవానికి పిల్లనిస్తానా?" అని ఒకటే పట్టు. అమ్మ పోరగా పోరగా, ఒక ఆదివారం చూపులకు సరేనన్నాడు.

"ఈడ కుదరలేదంటే నేను సిరిగేరి పోయి నాట్లేసుకుంటా బతకాల" అని అక్క వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. గట్టిగా గిచ్చింది, పాపిష్టిది.

బావ వచ్చాడు. కొత్త టెరిలిన్ చొక్కా, నూనె పెట్టి దువ్విన క్రాఫు. "పెండ్లిచూపులకు ఆ కంపు తువ్వాలేందిరా" అని వాళ్లమ్మ దాన్ని ఇంట్లోనే పడేయించిందట.

బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టాం. మాటలు బాగానే సాగుతున్నాయి. నాయన కాఫీ గ్లాసు ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. చూపు బావ భుజం మీద పడింది.

"రేయ్! వాల్వు తెరిచిపెట్టి వచ్చినావేంరా!"

గ్లాసు విసిరేసి, చెప్పులు కూడా లేకుండా నాయన వీధిలోకి ఒకటే పరుగు!

బావ భుజం తడుముకున్నాడు. చేతిలో బజ్జీ చేతిలోనే, ఆయనా వెనకాలే పరుగు.

వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా కొడుకును చూసి లేసి పరిగెత్తినాడే! అంత వికారంగా ఉండాడా నా కొడుకు?"

వీధంతా దొంగ దొరికాడనుకుని బయటికొచ్చింది. "ఏనాయ్తప్పా, ఏనాయ్తు?" అని, ఏమైందని కన్నడంలో అడుగుతూ ఇద్దరు ముగ్గురు వాళ్ల వెంటపడ్డారు కూడా. అక్క వంటింటి తలుపు వెనక కూలబడి ఏడుపు. సంబంధం పోయిందనే అనుకున్నాం అందరం.

ఫ్యాక్టరీ దగ్గర జరిగింది మామా అల్లుళ్లు జీవితాంతం చెప్పారు, ఎవరి వెర్షన్ వాళ్లది. ఫ్యాక్టరీకి సెలవు. గేటు దగ్గర వాచ్‌మన్ మా నాయన జేబులోంచి బీడీకట్టా, అగ్గిపెట్టే లాక్కున్నాడు. లోపలికి పోయి చూస్తే వాల్వు బిగించి మూసే ఉంది.

నాయన అక్కడే కూలబడి రొప్పుతూ, "నిన్న నువ్వే గదరా మూసింది. నేనంటే నీ ఖాళీ భుజం చూసి అరిచినా. నువ్వు యాల పరిగెత్తినావు?" అన్నాడట.

"మూసినట్టే గ్యాపకం మేస్త్రీ. కానీ మీరట్ల అరిచేసరికి నామీద నాకే డౌటొచ్చె. మూసినాలే అని ఆడ కూసుంటే, ఒకవేళ మూయకుంటే ఊరే పోతాది గదా. పెండ్లిచూపులదేముంది, ఇంకోసారి పెట్టుకోవచ్చు."

నాయన లేచి పంచె దులుపుకున్నాడట.

"ఇంకోసారి ఎందుకురా. ఇంత భయమున్నోని ఇంట్లో నా కూతురు భద్రంగా ఉంటాది. మేస్త్రీ గీస్త్రీ అనొద్దు, మామా అను."

ఈ మాట దగ్గర మాత్రం ఇద్దరి వెర్షనూ ఒకటే.

పెండ్లయ్యాక ఎప్పుడో ఆ బొంబాయి పెట్టె వచ్చింది. ఓనరు టెంకాయ కొట్టి బిగించాడు. బావ పెట్టెలో లైటు చూసేవాడు, తర్వాత పోయి వాల్వును చేత్తో తడిమి చూసేవాడు. "లైటు నమ్మవా?" అంటే, "నమ్ముతా, చూసినాంక నమ్ముతా" అనేవాడు.

ఇంట్లోనూ అదే పాట. గ్యాస్ సిలిండర్, కొళాయి, గేటు గడియ, అన్నీ రాత్రి లేచి మళ్లీ చూసిరావాలి. అక్క జీవితమంతా దాని మీదే తిట్టింది.

నిన్న నాకు ఫోన్ రాకముందు హాస్పిటల్లో జరిగింది అక్క కొడుకు తర్వాత చెప్పాడు. కుర్ర డాక్టర్ బయటికొచ్చి, తల దించుకుని సంగతి చెప్పాడు.

అక్క ఏడవలేదు.

"ఇంకొకసారి చూడప్పా" అంది. "మా ఇంట్లో మళ్లీ చూసినాంకనే నమ్ముతాము."

ఆ అబ్బాయి మంచి తల్లి కన్నబిడ్డ. లోపలికి పోయి మళ్లీ చూసి వచ్చాడు.

అప్పుడు ఏడ్చింది మా అక్క.

పోయి రా బావా. అక్కను మేం చూసుకుంటాం, నీ మాదిరే మళ్లీ మళ్లీ చూసుకుంటాం.

నువ్వు ఇంక దేనికీ లేవొద్దు. నిమ్మళంగా పడుకో.