సముద్రం ఒడ్డున నర్సవ్వత్త

ఎదురింటాయన మిద్దె కడుతున్నాడు. పొద్దున్నే లారీ వచ్చి మా గడప ముందే ఇసుక గుమ్మరించి పోయింది. ఎవరినడిగి పోశారని అతణ్ణి నలుగురిలో కసిరాను. మానేరు వాగునంతా లారీలకెత్తి అమ్ముకునే కాలం, దారి విడవాలన్న ఇంగితం ఎక్కడిది? కసిరి, చీపురు పట్టి వంగాను. తడి ఇసుక వాసన ముక్కుకు తగిలింది. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. నర్సవ్వత్త గుర్తొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. సిరిసిల్లలో మా పక్కింట్లో ఉండి, సాంచాలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టేది. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. అక్షరాలు తర్వాత పొట్లాల కాగితాల మీద కూడబలుక్కున్నాను. పని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పోగు తెగితే ఎంత బతిమాలినా తాను ముడి వేసేది కాదు. "నేనేస్తె అది నా ముడైతది. నీ చేతికి ఎప్పుడొస్తది?" అనేది. నేను విసుక్కుంటే నవ్వేది. "నీ కోపమున్నంత గట్టిగ నీ ముడుంటె, సాంచాల ఆసామి నిన్ను నెత్తిన పెట్టుకుంటుండె గదరా!"

ఎనభైల్లో ఒక శివరాత్రి వెళ్లాక మా వాడవాళ్లం బస్సు మాట్లాడుకుని యాత్రకు బయలుదేరాం. తిరుగుదారిలో సింహాచలం ఆఖరి మజిలీ. అక్కడ నర్సవ్వత్తకు ఇరవై ఏళ్ల నాటి మొక్కు ఉంది. ముందు శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్న దేవుణ్ణి చూసుకుని, సముద్రస్నానానికని ఒక పల్లెకారుల ఊరికి పోయాం. అక్కడే బస్సు మొరాయించింది. బాగుచేసే సామాను విశాఖపట్నం నుంచి రావాలన్నారు. మాలో ఎవరమూ అంతకుముందు సముద్రం చూసినవాళ్లం కాదు. మొదటిరోజు నోళ్లు తెరుచుకుని చూశాం. రెండోరోజుకు ఊరికే కూర్చోలేకపోయాం.

ఆ ఊళ్లో అప్పలస్వామి అనే ముసలి జాలరి, సముద్రపు తాబేళ్లు ఒడ్డున పెట్టిపోయిన గుడ్లను ఏరి, ఒకచోట గుంటలు తీసి పూడ్చి, కుక్కలు తోడకుండా చుట్టూ వల కట్టి కాపాడుతున్నాడు. వల చాలాచోట్ల చిరిగిపోయింది. మేం కుట్టిపెడతామన్నాం. నర్సవ్వత్త వేసిన మొదటి ముడిని అతను లాగి చూశాడు.

"మీ ముడి సీరకి బాగుంటాదమ్మా. కుక్కకి ఆగదు."

"అయితె నీ ముడి చూపియ్యన్నా. నేర్చుకుంటె అరిగిపోత్తనా?" అంది. సాయంత్రానికి వాళ్ల ముడి ఆమె వేళ్లకు పట్టుబడింది. వల మొత్తం కట్టేశాం.

మర్నాడు తెల్లవారేసరికి ఒక గుంటలోంచి తాబేలు పిల్లలు బయటికి వచ్చాయి. అరచేతిలో పట్టేంత నల్లటి ముద్దలు. శ్రీకూర్మంలో దేవుణ్ణి చూసి వచ్చిన కళ్లు మావి. మా ఆడవాళ్లకు బతుకమ్మను నీళ్లలో సాగనంపడమే తెలుసు. తాంబాళాలు తెచ్చారు, పిల్లల్ని ఎత్తి పెట్టారు, పసుపు చల్లారు. ముందు నడిచింది నర్సవ్వత్తే. "పోయి రాండ్రి బిడ్డలారా" అంటూ మోకాలి లోతు దిగి, ఒక్కొక్కదాన్నే అలల్లో విడిచింది.

అప్పలస్వామి పరుగెత్తుకొచ్చాడు. "ఏటమ్మా ఇలా సేసీసినారు! ఆటిని నడవనియ్యాల. ఈ ఇసక మీద నడిస్తేనే ఇది తన ఊరని గురుతుంటాది. పెద్దయినాక గుడ్లెట్టడానికి ఈడికే వత్తాయి. ఇప్పుడు ఏ దారంట వత్తాయి?"

నాకు నెత్తికెక్కింది. "మొక్కినోళ్లను కసురుతవా? ముందుగాల ఎందుకు చెప్పకపోతివి? తప్పు నీదే!" అని మీదికి పోయాను. నర్సవ్వత్త నా అంగీ పట్టి వెనక్కి గుంజింది.

"నోరు మూసుకో రాజేశం. చేసింది నేను. నువ్వు ఒర్లితె నా తప్పు ఆయనదైతదా?" తర్వాత అతని వైపు తిరిగింది. "అన్నా, తప్పు నాదే. ఇంకో గుంట ఉన్నదా?"

ఒకటే మిగిలింది. రెండు మూడు రోజులు పడుతుందన్నాడు. ఆ మధ్యాహ్నమే బస్సు బాగైంది. నర్సవ్వత్త ఎక్కలేదు. "ఇరవై ఏండ్ల మొక్కు ఇడిసిపెడతవా?" అని అందరూ మందలించారు.

"దేవుడు గుట్ట దిగి ఏడికి పోతడు? గివి పోతయి."

ఆమెను ఒంటరిగా వదల్లేక, మూతి ముడుచుకునే, నేనూ ఉండిపోయాను. రెండు రోజులు కాకుల్ని తోలాం. మూడోనాటి పొద్దున ఇసుక కదిలింది. ఒక్కొక్కటే పైకి వచ్చి నీటివైపు సాగాయి. ఒకటి నా కాలి అడుగు గుంటలో పడి కొట్టుకుంటోంది. గబుక్కున వంగాను.

"ఆగు!"

తల తిప్పి చూస్తే నర్సవ్వత్త తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కొంగుతో చుట్టేసుకుంది. "నీ చేతులకే కాదు, నా చేతులకూ బుద్ధి లేదురా. అందుకే కట్టేసిన," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్ల ఎక్కింది, జారింది, మళ్లీ ఎక్కింది. ఎంతసేపో. చివరికి ఒక అల వచ్చి తీసుకుపోయింది.

ఆసామి ఇచ్చిన సెలవు దాటిపోయింది. రైలెక్కి, సింహాచలంలో దిగకుండానే ఇంటిదారి పట్టాం. తర్వాత ఆమెకు చూపు తగ్గింది, ఆ మొక్కు తీరనే లేదు. తొంభైల చివర పోయింది. ఆఖరిరోజుల్లో మొక్కు తీరలేదని నేను బాధపడితే ఒకటే మాట అడిగేది: "అవి పెద్దగయ్యి ఆ ఒడ్డుకు తిరిగొచ్చి ఉంటయంటవా?" వచ్చి ఉంటాయనేవాణ్ణి.

నా దగ్గర చాలామంది సాంచ నేర్చుకున్నారు. ఎవరి తెగిన పోగుకూ నేను ముడి వేయలేదు. ఆ విద్య సులువుగానే వంటబట్టింది. రెండోది ఇంకా పట్టుబడలేదు. ఊడుస్తుంటే గుర్తొచ్చింది: మొన్న ఎదురింటాయన వచ్చి అడిగితే, "మా గడప ముందర పోసుకో, ఏంగాదు" అన్నది నేనే. చీపురు గోడకు ఆనించాను. దారి దాటి వెళ్లాను. అతను ఇటుకలు తడుపుతున్నాడు, నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. కసిరినప్పుడు చుట్టూ ఉన్న నలుగురూ అక్కడే ఉన్నారు.

"తప్పు నాదే," అన్నాను.