అక్కకిచ్చిన బాల్కనీ గది

మా ఆఫీసులో ఆవిడని అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. చాటుగా కాదు, ముఖాన్నే. ఆవిడా పలికేది. తమాషా ఏమిటంటే ఆ కెప్టెన్ జన్మలో ఓడ ప్రయాణం చేసిన పాపాన పోలేదు. ఒకే ఒక్కసారి, రేవులో ఆగి ఉన్న ఓడను ఏజెంట్లకు చూపిస్తామంటే వెళ్ళి రెండు గంటలు తిరిగి వచ్చింది. మిగతావాళ్ళంతా పైన ఈతకొలను దగ్గర ఫొటోలు దిగుతుంటే, ఈవిడ హ్యాండ్‌బ్యాగులోంచి టేపు తీసి గదుల వెడల్పు కొలుచుకుంటూ కూర్చుంది.

మాది టిక్కెట్లు, టూర్లు అమ్మే చిన్న ఆఫీసు. మూడు బల్లలు, ఒక గాజు తలుపు, ఎండకు రంగు వెలిసిపోయిన పోస్టర్లు. నేను విమానం టిక్కెట్లు చూస్తాను. పక్క బల్ల ఆవిడది. ఇరవై రెండేళ్ళు క్రూజులు, అంటే ఓడ టూర్లు, తప్ప ఇంకేమీ అమ్మలేదు. మా బాసు ఒక్కడే ఆవిడని పేరు పెట్టి పిలిచేవాడు, అదీ తిట్టాల్సి వచ్చినప్పుడు.

క్రూజంటే జనానికి ఎందుకంత మోజో ఆవిడ నోట వినాలి. "సూట్‌కేసు ఒక్కసారి విప్పితే చాలు. వంట లేదు, గిన్నెలు లేవు, రేపు ఏ బస్సు ఎక్కాలన్న బెంగ లేదు. మీరు పడుకుని లేచేసరికి ఇంకో ఊరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడుతుంది" అనేది. అవతలివాళ్ళు కరిగి నీరైపోయి, సంతకం పెట్టడానికి పెన్ను అడిగేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేవి ఈవిడ ప్రశ్నలు. ఎక్కడికి వెళ్ళాలనుంది అని అడిగేది కాదు. "మీ నిద్ర ఎలాంటిది?" అని అడిగేది.

కోడి కునుకు మనుషులకి డాన్సుహాలు కింద గది ఇవ్వదు. లంగరు గొలుసు ఉండే ముందు భాగంలో అసలే ఇవ్వదు, తెల్లారేసరికి ఆ చప్పుడుకి గుండె ఆగినంత పనవుతుందట. కళ్ళు తిరిగేవాళ్ళకి కింది అంతస్తులో సరిగ్గా మధ్య గది. ఒకసారి కొత్తగా పెళ్ళైన జంట వచ్చి అన్నిటికంటే పెద్ద ఓడ కావాలని పట్టుబట్టారు. "పెద్ద ఓడంటే అయిదు వేల మంది నాయనా. లిఫ్టు కోసం నిలబడేసరికే మీ ముచ్చట తీరిపోతుంది" అని చెప్పి చిన్న ఓడలో పంపింది. వాళ్ళు తిరిగొచ్చి ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశారు.

ఫారం చివరి పేజీలో అడుగున ఒక చిన్న గడి ఉండేది. ప్రయాణం నాటికి ఇంతకంటే మంచి గది ఖాళీగా ఉంటే, అదనపు డబ్బు అడగకుండా మార్చి ఇస్తారు; అందుకు ఒప్పుకుంటున్నట్టు ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఆవిడ పెట్టకుండా వదిలిన ఫారం లేదు. ఎవరు మాత్రం వద్దంటారు? కిటికీ లేని గది కొనుక్కున్నవాడికి సముద్రం కనిపించే గది వస్తే చేదా?

ఇక ఆవిడ అక్కగారి సంగతి. ఇది నాకు ఆ రోజుదాకా తెలియదు. మీకు మాత్రం ముందే చెబుతున్నాను, లేకపోతే జరిగింది అర్థం కాదు.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళు, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. అక్క నాలుగేళ్ళు పెద్దది. ఒక ఆసుపత్రిలో దుప్పట్లూ పక్కగుడ్డలూ లెక్కచూసి మడిచే గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఆవిడకి నిద్రలో నడిచే అలవాటు. పదకొండేళ్ళప్పుడు తలుపు తీసుకుని వెళ్ళిపోతే, తెల్లవారుజామున బస్సు షెల్టరులో బెంచీ మీద కూర్చుని ఉండగా దొరికిందట. కళ్ళు తెరిచే ఉన్నాయట, ఎవరినీ గుర్తుపట్టలేదట. ఆ రోజునుంచి చెల్లెలికి నిద్ర కరువైంది. ఏడేళ్ళ పిల్ల తన చేతికీ అక్క కాలికీ రిబ్బను కట్టుకుని పడుకునేది. యాభై ఏళ్ళు దాటాక కూడా ఆవిడ మంచం వీధి తలుపుకి అడ్డంగానే ఉండేది.

అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో హాస్టల్లో ఈ సంగతి బయటపడితే, గదిలో ఉన్న అమ్మాయిలు దయ్యం పట్టిందని పరుపులు చుట్టుకుని పక్క గదికి పోయారట. ఆ అవమానానికి అక్క నెల రోజులు తలెత్తలేదు. "ఇంకెవరికైనా చెప్పావో, నేను నీకు లేనట్టే" అని చెల్లెలి చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ముప్ఫై ఏళ్ళకి పైగా నిలబడింది.

రిటైరైన మర్నాడు అక్క అందిట, "ఎటు చూసినా గట్టు కనపడని చోటికి వెళ్ళాలనుందే. ఓడ చూడు. ఒక్కదాన్నే వెళ్తాను."

"ఒక్కదానివా? నీకేమైనా మతిపోయిందా?"

"పన్నెండేళ్ళైంది నేను లేచి నడిచి. ఇంకా ఎన్నాళ్ళే నాకు ఈ కాపలా?"

కెప్టెన్ నెల రోజులు నసిగింది. చివరికి ఒప్పుకుంది. ఎంతమందికో ఓడ ఎంచిపెట్టిన మనిషి, అక్క కోసం ఎంచినట్టు ఎవరికీ ఎంచలేదు. నాలుగు కంపెనీల పటాలు బల్లమీద పరిచి, భూతద్దం పెట్టి చూసింది. మేం ఏడిపించాం కూడా, "కెప్టెన్, అక్కగారి కోసం కొత్త ఓడ కట్టిస్తున్నారా?" అని. ఆఖరికి ఒక ఓడ తేల్చింది. చిన్నది, ఏడు రోజులది. కింది అంతస్తు, లోపలి గది. కిటికీ లేదు, బాల్కనీ లేదు, తలుపు తీస్తే ఎదురుగా రాత్రంతా మనుషులుండే రిసెప్షన్. సముద్రం చూడ్డానికి వెళ్ళే మనిషికి కిటికీ లేని గదేమిటని నాకు ఒళ్ళు మండింది. పిసినారితనమనుకున్నాను. పాపిష్టిదాన్ని.

ఫారం నింపింది. చివరి పేజీకి వచ్చింది. చెయ్యి తన అలవాటున తను టిక్కు పెట్టేసింది.

ఓడ మధ్యాహ్నం రెండింటికి బయలుదేరింది. మూడున్నరకి నా కంప్యూటర్లోకి ఓడ కంపెనీ మెయిలు వచ్చింది. చదివి నేనే ఎగిరి గంతేశాను. "కెప్టెన్! మీ అక్కగారిది ఏం అదృష్టమండీ! తొమ్మిదో అంతస్తులో బాల్కనీ గది ఇచ్చారు, పైసా లేకుండా!"

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నా వైపు తిరిగిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏ అంతస్తు?" అంది. చెప్పాను. "బాల్కనీ అన్నావా?" అంది. అన్నాను. నాకు భయమేసి మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు పక్కన పెట్టేసింది. ఫారం కాపీ తెప్పించి చివరి పేజీ చూసింది. తన టిక్కు తనే చూసుకుని, "నేనే పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను" అని రెండుసార్లు అంది.

అక్కగారి ఫోన్ మోగలేదు. ఓడ గట్టు దాటితే సిగ్నల్ ఉండదు. కంపెనీకి చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అని పాట. ఆ పాట వింటూ పావుగంట. ఎండాకాలమైనా ఆరున్నరకల్లా చీకటి పడుతుంది, అక్క తొమ్మిదింటికే పడుకుంటుంది అని వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టింది. ఏం కొంప మునిగిందో తెలియక నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. చివరికి ఒక కుర్రగొంతు పలికింది.

"గది మార్చాలా మేడమ్? ఇది ఇంకా మంచి గది కదా!"

"నాకు తెలుసు బాబూ. పాత గదే ఇవ్వండి."

"అది వేరేవాళ్ళకి ఇచ్చేశాం. లోపలి గదులన్నీ నిండిపోయాయి."

"అయితే ఆ బాల్కనీ తలుపుకి తాళం వేయించండి."

"కారణం చెప్పాలి మేడమ్. ఊరికే తాళం వేస్తే ప్రయాణికులు మా మీద పడతారు."

కెప్టెన్ ఆఫీసంతా కలయజూసింది. నన్ను చూసింది. బాసు తన బల్ల దగ్గరనుంచి తల ఎత్తాడు. గాజు తలుపు దగ్గర టిక్కెట్టు కోసం వచ్చిన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టేసిన మాట అంతమంది ముందు చెప్పాలి. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మా అక్క నిద్రలో నడుస్తుంది" అంది.

"సరిగ్గా వినపడలేదు మేడమ్, కొంచెం గట్టిగా."

"నిద్రలో నడుస్తుంది! తలుపులు తీసుకుని వెళ్ళిపోతుంది! తొమ్మిదో అంతస్తు నాయనా, కింద సముద్రం! నీకు దండం పెడతాను, ఓడకి చెప్పు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతకీ అదృష్టమని గంతులేసింది నేనే కదా, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కుర్రాడు మాత్రం మంచివాడు, గొంతు మారిపోయింది. ఓడకి ఇప్పుడే చెబుతానన్నాడు, జవాబు మెయిలులో వస్తుందన్నాడు.

ఆరింటికి ఆఫీసు మూయాలి. బాసు తాళంచెవులు నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మేమిద్దరం స్క్రీన్ ముందు కూర్చున్నాం. బయట వెలుగు తగ్గుతున్నకొద్దీ ఆవిడ నా మణికట్టు బిగించి పట్టుకుంది, రక్తం ఆడలేదు. అప్పుడే చెప్పింది ఇదంతా, రిబ్బను సంగతీ, బస్సు షెల్టరు సంగతీ. "అది నిద్రలో ఉంటే ఎంత చక్కగా గడియ తీస్తుందో తెలుసా? చప్పుడే కాదు" అంది. ఏడూ పదికి జవాబు వచ్చింది. బాల్కనీ తలుపుకి తాళం వేశామనీ, రాత్రి నడవాలో ఒక మనిషిని ఉంచుతామనీ రాశారు. కెప్టెన్ బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఆఫీసు ఫోన్ మోగింది. అక్కగారే, ఓడలోని ఫోన్‌లోంచి. కెప్టెన్ లేచి వచ్చేలోపే నేనే స్పీకరు నొక్కాను.

"బతికే ఉన్నాను లేవే" అంది అక్క.

"అక్కా! పడుకున్నావా? లేచావా రాత్రి?"

"లేచానో లేదో నాకేం తెలుసు? వాకిట్లో వాడున్నాడుగా, వాణ్ణడుగు." తర్వాత గొంతు తగ్గించి అంది, "గది తలుపు తీసేసరికి ఎదురుగా అంతా సముద్రమే. బాల్కనీ చూసి నువ్వే ఇచ్చావనుకున్నానే. అన్నీ తెలిసి ఇచ్చావనుకున్నాను. ఇన్నాళ్ళకి మా చెల్లి నన్ను నమ్మింది అనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుని ఎంత ఏడ్చానో సంతోషంతో."

కెప్టెన్ కుర్చీ స్పీకరు దగ్గరికి లాక్కుంది.

"ఏడింటికి ఇద్దరొచ్చారు, తాళం పట్టుకుని. మేమున్నాం భయపడకమ్మా అంటాడు ఒకడు, నేనేదో పసిపిల్లనైనట్టు. అందరికీ చెప్పావన్నమాట."

"పొరపాటున వచ్చిందక్కా ఆ గది. నేను కావాలని ఇవ్వలేదు."

"ఇప్పుడు తెలిసింది లేవే." అంది అక్క. "తాళం తీయమంటే తీయరట. నేను అడిగితే కుదరదట. తాళం వేయించినవాళ్ళు ఫోన్ చేసి చెబితేనే తీస్తారట. చెప్తావా?"

నాకైతే చెప్పండి కెప్టెన్, చెప్పేయండి అని అరవాలనిపించింది. మరుక్షణమే ఆ తొమ్మిదో అంతస్తు కళ్ళ ముందుకొచ్చింది. కెప్టెన్ రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడింది.

"వద్దక్కా. నాకు భయం" అంది.

"నాకూ భయమేనే. అయినా ఎక్కాను కదా."

ఫోన్ పెట్టేసిన చప్పుడు. తాళం తీయమని కెప్టెన్ ఆ రోజు ఫోన్ చెయ్యలేదు, మర్నాడూ చెయ్యలేదు. నంబరు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుంది, రిసీవరు ఎత్తేది, మళ్ళీ పెట్టేసేది. నేనైతే చేసేదాన్నా అని అడగకండి, నాకే తెలియదు. ఏడో రోజున ఓడ గట్టుకు చేరేదాకా ఆ తలుపు మూసే ఉంది.