బోర్గిల్డ్ నాలుక

స్టవాంగర్ రేవు పక్కన ఉన్న మా చమురు కంపెనీ రాళ్ల షెడ్డును ముప్పై ఏళ్లుగా బోర్గిల్డే చూసుకుంటోంది. సముద్రం కింద నాలుగు వేల మీటర్ల లోతు నుంచి తీసుకొచ్చిన ఇసుకరాతి కడ్డీలను పెట్టెల్లో సర్దడం ఆమె పని. అంతకుముందు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేసింది. పెద్దగా చదువుకోలేదు. అయినా కొత్త రాయి వచ్చిందంటే డిగ్రీలున్న మేమంతా ముందు ఆమె ముఖమే చూసేవాళ్లం.

ఆమె రాయిని నాకి చూస్తుంది. నవ్వకండి, ఈ వృత్తిలో అందరం నాకేవాళ్లమే. రాతిలో సందులుంటే తడి పీల్చుకుని నాలుకను పట్టేస్తుంది. సందులుంటేనే చమురుకు చోటు. బంకమట్టి కూడా అలాగే పట్టేస్తుంది కాబట్టి మేం అక్కడే బోల్తా పడేవాళ్లం. బోర్గిల్డ్ మాత్రం ఒక పలుకు కొరికి చూసేది. జిగటగా పళ్లకు అంటుకుంటే మట్టి, కరకరలాడితే ఇసుక. నోటి రుచి పాడవుతుందని పెట్టెలొచ్చే రోజున, మేమంతా రోజూ రొట్టె మీద వేసుకుని తినే బ్రౌన్ చీజ్ కూడా ముట్టేది కాదు. మా దేశంలో అంతకు మించిన త్యాగం లేదు.

కొత్త మేనేజరు హాల్వర్‌కి ఇదంతా అసహ్యం. రాళ్లను నాకరాదని గోడకు నోటీసు అంటించాడు. ఆ వారమే మా ఆఖరి బావి నుంచి పెట్టెలొచ్చాయి. రాయి పనికిరాదంటే శుక్రవారం బావిని సిమెంటుతో మూసేస్తారు. దానితో షెడ్డూ మూత, బోర్గిల్డ్ ఇంటికి. ఆఖరి మాట హాల్వర్‌దే.

భాగస్వామి కంపెనీల పెద్దలు వచ్చి తెల్లగా మెరిసే రాయి చుట్టూ మూగారు. దానిమీద నీటిచుక్క వేస్తే ఇంకకుండా నిలబడింది. లోతులోని వేడికి రేణువుల మీద స్ఫటికం పెరిగి సందులన్నీ పూడిపోయాయి. పెద్దల ముఖాలు మాడిపోయాయి.

మిగిలింది మురికి ఆకుపచ్చ రాయి. దానిలో చుక్క ఇట్టే ఇంకింది. మట్టి కూడా ఇలాగే తాగుతుందంటూ హాల్వర్ పెట్టె మూయబోయాడు. నాకు ఒళ్లు మండింది. బోర్గిల్డ్ మాత్రం తాపీగా పెట్టె మీద చెయ్యి వేసింది. ఆ పచ్చదనం రేణువులకు పూత మాత్రమేననీ, వెన్న రాసిన వాఫుల్ పెనానికి పిండి అంటనట్టు దానికి స్ఫటికం అంటదనీ, సందులు అలాగే ఉన్నాయనీ చెప్పింది. బావిలో ఆ పొరను ఒక్కసారి పరీక్షించమంది.

"నాకి చూశావా?" అన్నాడు హాల్వర్.

"నీ నోటీసు ఉందిగా, ముట్టలేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న కళ్లతో చెబుతున్నా. నమ్మకం లేకపోతే నువ్వే చూడు."

అంతమంది ముందు వెనక్కి తగ్గలేక అతను ఒక పెచ్చు తీసుకుని అంచు కొరికాడు. కరకరమన్న చప్పుడు అందరికీ వినిపించింది. తర్వాత నాలుకకు ఆనించాడు. ఏదో చెప్పబోయాడు కానీ మాట రాలేదు. పెచ్చు నాలుకను పట్టేసింది.

"లాగకు హాల్వర్, తోలు ఊడొస్తుంది. బాగా తడిస్తే అదే వదులుతుంది. ఈలోగా పరీక్ష చేయిస్తావో లేదో చెప్పు. తల ఊపితే చాలు," అంది బోర్గిల్డ్.

హాల్వర్ తల ఊపాడు. నాలుకకు వేలాడుతూ రాయి కూడా ఊగింది.